అరఫాత్ వేపచెట్ల కింద

అరఫాత్ మైదానంలో బస్సు దిగి పది అడుగులు వేశామో లేదో, మా అమ్మీ ఆగిపోయింది. మోకాళ్ల నొప్పి కాబోలు అనుకున్నాం. ఆమె వంగి నేలమీద రాలిన ఒక ఆకును తీసుకుని, దాని రంపపు అంచులను వేలితో తడిమి, "ఇది మన వేపాకే కదా!" అన్నది. ఇహ్రామ్‌లో ఉన్నవారు చెట్టూ ఆకూ ముట్టవచ్చునా అని మాలో ఒకరికి సందేహం కలిగింది. రాలినదే తీశాను, తెంపలేదని అమ్మీ జవాబు. అరఫాత్ హరమ్ సరిహద్దులకు వెలుపలి ప్రదేశమని మా బృందంలోని ఆలిమ్ సాహెబ్ గుర్తుచేసిన తరువాత ఆ ఆకు ఆమె సంచిలోకి చేరింది. తలెత్తి చూస్తే కనుచూపు మేర వేపచెట్లే.

అది హిజ్రీ 1445 జుల్‌హజ్జా 9వ తేదీ. 2024 జూన్ 15. ఆ చెట్లు 1980 దశకంలో నాటినవని తరువాత తెలుసుకున్నాం. సుమారు 10 చదరపు కిలోమీటర్ల మైదానంలో 50 వేల వేపచెట్లు. నీటి ఎద్దడికి ఓర్చుకుంటూ, నడి వేసవిలోనూ ఆకు నిలుపుకునే చెట్టు గనుక దానినే ఎంచుకున్నారు. మన పెరళ్లలోనూ బస్టాండుల్లోనూ పంచాయతీ అరుగుల దగ్గరా నిలబడే చెట్టు అక్కడ హాజీల నెత్తిమీద నీడ పడుతున్నది. స్వదేశంలో చూడగా చూడగా పట్టించుకోవడం మానేసిన ఒక బంధువు పరదేశంలో ఎదురై చేయి పట్టుకున్నట్లయింది.

ఆ రోజు ఎండ 46 డిగ్రీలు. ఖమ్మం నుంచి వెళ్లిన మాకు ఆ అంకె కొత్తది కాదు. మే నెలలో మా ఊరూ కొత్తగూడెమూ ఆ స్థాయిని అందుకున్న రోజులను చూసినవాళ్లమే. అయితే మా ఊరిలో ఆ ఎండకు తలుపులు మూసుకుని ఇంట్లో ఉంటాం. అరఫాత్‌లో మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం దాకా నిలిచి దుఆ చేయటమే హజ్జ్‌కు ప్రాణం. తలుపులు మూసుకునే ఎండకూ, ఆరుబయట నిలవవలసిన ఎండకూ గల వ్యత్యాసం అంకెలో కనిపించదు. మరో రెండు రోజులకు, జూన్ 17న, మస్జిదె హరమ్ వద్ద 51.8 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు గురించి ముందు ముందు చెబుతాం. ఆ రోజే మా చేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది.

మక్కా గురించి ఆలోచించేటప్పుడు ఒక విషయాన్ని మరచిపోతుంటాం. ఆ లోయ తనంత తానుగా ఎన్నడూ నివాసయోగ్యం కాదు. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) తమ సంతానాన్ని సేద్యం లేని లోయలో విడిచి చేసుకున్న ప్రార్థన దివ్య ఖుర్ఆన్‌లో ఆయన పేరిటనే ఉన్న సూరాలో కనిపిస్తుంది. పంట లేదు, నీడ లేదు, నీరు లేదు. హజ్రత్ హాజిరా (అలైహస్సలాం) రెండు కొండల నడుమ పరుగులు తీసిన తరువాత అల్లాహ్ అనుగ్రహంతో జమ్‌జమ్ వెలువడింది. నీటిని చూసి మనుషులు వచ్చారు. నీరు దొరికిన తరువాత దానిని యాత్రికులకు అందించటం ఒక బాధ్యతగా, గౌరవంగా మారింది. ఆ పనిని సికాయా అన్నారు. హాషిం వంశంలో అది తరతరాలుగా సాగి, దైవప్రవక్త (సఅసం) కాలంలో పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) చేతిలో ఉండగా, ఆయన (సఅసం) దానిని అలాగే కొనసాగనిచ్చారు.

అటుపైన అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ సతీమణి జుబైదా కాలం వచ్చింది. నీటికోసం హాజీలు పడుతున్న పాట్లు చూసి, 9వ శతాబ్ది తొలినాళ్లలో ఆమె నోమాన్ లోయ నుంచి అరఫాత్ మీదుగా మక్కా వైపు రాతి కాలువ నిర్మింపజేసింది. కొండలను తొలిచి, వాలును లెక్కగట్టి, నీరు తన బరువుతో తానే ప్రవహించేలా కట్టిన కాలువ అది. మరమ్మతులు చేసుకుంటూ వెయ్యేళ్లకు పైగా ఆ నీటినే తాగారు. అరఫాత్ కొండ అడుగున ఆ కాలువ గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి. అమ్మీ ఆ రాళ్లమీద అరచేయి ఆనించి, "ఈమె పేరున ఎంతమంది తాగి ఉంటారో" అన్నది. నేటి మక్కా నీరు ఎర్రసముద్ర తీరాన షుఐబాలోని భారీ కర్మాగారాల నుంచి వస్తున్నది. సముద్రపు నీటిలోని ఉప్పు తీసి, గొట్టాలలో కొండలపైకి పంపుతారు. ఈ పనికి అపారమైన ఇంధనం కావాలి. ఆ ఇంధనాన్ని మండిస్తే వెలువడే వాయువే భూమిని వేడెక్కిస్తున్నది. నీరు ఇచ్చే చేయే వేడినీ పెంచుతున్నదన్నమాట. జుబైదా కాలువకు ఈ చిక్కు లేదు. అయితే ఇన్ని లక్షల మంది దప్పిక తీర్చటం ఆ కాలువ వల్ల అయ్యే పనీ కాదు.

మక్కాలో రుబాత్‌లు అనే ఉచిత వసతి గృహాలుండేవి. కొన్ని ఇంకా ఉన్నాయి. పూర్వపు హైదరాబాద్ సంస్థానం జిల్లాల హాజీల కోసం నిజాం పాలకులు ఏర్పరచిన రుబాత్ పేరు మన పెద్దలందరికీ తెలిసినదే. చీటీలో పేరు వచ్చినవారికి అందులో నేటికీ వసతి లభిస్తున్నది. మా పేరు రాలేదు, అది వేరే సంగతి. నీరు, నీడ, బస: ఎవరో ఒకరు పూనుకుని ఈ మూడూ కల్పించినందువల్లనే ఆ లోయలో మనుషులు నిలబడగలిగారు.

ఇక జూన్ 17. జుల్‌హజ్జా 11. మేము మినాలో ఉన్నాం. మినా గుడారాల నగరం. 1997లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 343 మంది మరణించిన తరువాత, నిప్పంటుకోని వస్త్రంతో లక్షకు పైగా గుడారాలు నిర్మించారు. లోపల చల్లదనానికి యంత్రాలు ఉన్నాయి. మా గుడారంలో చల్లగా ఉన్నదని చెప్పలేం గాని, భరించరానంత వేడి మాత్రం లేదు. మెడలో ప్రతి ఒక్కరికీ అనుమతి కార్డు వేలాడుతున్నది. ఆ కార్డు ఉంటే గుడారం, మంచినీరు, భోజనం, బస్సు, వైద్యుడు.

జుహ్ర్ తరువాత మేము నీళ్ల కోసం ద్వారం వైపు వెళ్లాం. గేటు పక్క గోడ నీడ మూరెడు వెడల్పున ఉన్నది. ఆ మూరెడు నీడలో ఒక పెద్దాయన వీపు గోడకు ఆనించి కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన వయసు. తెల్లని ఇహ్రామ్ వస్త్రం మట్టి కొట్టుకుపోయి ఉన్నది. మెడలో కార్డు లేదు. ఆయన అరబ్బీలో ఏదో అన్నాడు. మాకు అర్థమైనది ఒక్కటే, 'మా' అన్న మాట, అంటే నీళ్లు. సీసా ఇచ్చాం. సగం తాగి, సగం తలమీద పోసుకున్నాడు. చేతితో గుడారం లోపలి వైపు చూపించి మళ్లీ ఏదో అడిగాడు. ఇంతలో కాపలా మనిషి వచ్చాడు. కార్డు అడిగాడు. లేదు. లేవమన్నాడు. కసురుకోలేదు, తోయలేదు, తన విధిని తాను నిర్వర్తించాడు. పెద్దాయన లేచాడు. చెప్పులు చేతబట్టుకుని జమరాత్ వైపు దారిలో, జనంలో కలిసిపోయాడు. చెప్పులు ఎందుకు తొడుక్కోలేదో మాకు తెలియలేదు. ఒకవేళ పాదాలు బొబ్బలెక్కి ఉంటాయి.

మేము అక్కడే నిలబడి ఉన్నాం. మా మెడలలో మూడు కార్డులు ఉన్నాయి. 'మా మనిషే' అనలేదు. అలా అనటం అబద్ధమవుతుంది. నిబంధన ఉల్లంఘన అవుతుంది. మా బృందం మొత్తానికి ఇబ్బంది కలగవచ్చు. ఈ సమాధానాలన్నీ ఆ రాత్రి మేము మాలో మేము చెప్పుకున్నవి. అవి తప్పని ఇప్పటికీ అనలేం. కాని కనీసం గొడుగైనా ఇచ్చి ఉండవచ్చు. అది లోపల మా పరుపు పక్కనే ఉన్నది. ఎవరికీ గుర్తుకు రాలేదు.

వారం గడిచాక సౌదీ ప్రభుత్వం లెక్క ప్రకటించింది. ఆ ఏడాది హజ్జ్‌లో 1,301 మంది మరణించారు. వారిలో 83 శాతం మంది అనుమతి లేకుండా వచ్చినవారు; నీడా విశ్రాంతీ లేకుండా ఎండలో దూరాలు నడిచినవారు. మృతులలో ఎక్కువమంది ఈజిప్టు దేశస్థులు. పర్యాటక వీసాలపై ప్రజలను పంపిన 16 సంస్థల లైసెన్సులను ఆ దేశం రద్దు చేసింది. మన దేశం నుంచి వెళ్లినవారిలో 98 మంది మరణించారని మన విదేశాంగ శాఖ తెలిపింది. వారందరూ ఎండ వల్లనే పోయినవారు కారు, వృద్ధాప్యమూ రోగాలూ కారణమైనవి అందులో ఉన్నాయి. మొత్తం 18 లక్షలకు పైగా హాజీలు వచ్చిన ఏడాది అది.

ఆ 83 అన్న అంకె మమ్మల్ని వదలలేదు. అందరిపైనా ఒకే సూర్యుడు, అదే 51.8 డిగ్రీలు. గోడకు ఇటువైపు ఉన్నవారికి మినా కష్టంతోనైనా నిలవగలిగిన చోటు. అటువైపు ఉన్నవారికి కాదు. ఒక ప్రదేశం మనుషులు ఉండదగినదా కాదా అని పరిశోధకులు లెక్కలు వేస్తున్నారని అంతకుముందు పత్రికలలో చదివాం. ఏ ప్రదేశమని చదివామే గాని, ఏ మనుషులకని అడుగలేదు. ఇంటికి వచ్చాక ఆ పరిశోధనలను కొంత శ్రద్ధగా చదివాం. శాస్త్రజ్ఞులం కాము, మా బంధువులలోని ఒక వైద్యురాలిని పక్కన కూర్చోబెట్టుకుని చదివాం.

ఈ పరిశోధనలకు మూలమైన సంగతి మన వంటింటి కుండలోనే ఉన్నది. మట్టికుండలో నీరు ఎందుకు చల్లబడుతుంది? కుండ గోడల గుండా ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తనతో తీసుకుపోతుంది. మన శరీరం కూడా అలాంటి కుండే. చెమట ఆవిరైతేనే ఒంటి వేడి తగ్గుతుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు కుండ బాగా పనిచేస్తుంది. మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఉక్కలో కుండనీళ్లు అంతగా చల్లబడవు. ఒంటిమీది చెమటా ఆరదు. కాబట్టి పరిశోధకులు ఉష్ణమాపకం కొనకు తడిగుడ్డ చుట్టి, గాలి తగలనిచ్చి, వేడిని కొలుస్తారు. దానిని తడి ఉష్ణోగ్రత అందాం. అది 35 డిగ్రీలు దాటితే, ఆరోగ్యవంతుడు నీడలో కూర్చుని ఎన్ని నీళ్లు తాగినా, కొన్ని గంటలకు మించి బ్రతకలేడని 2010లో స్టీవెన్ షెర్‌వుడ్, మాథ్యూ హ్యూబర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

ఆ లెక్క కాగితంపై వేసినది. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో, ఆరోగ్యవంతులైన యువతీయువకులను వేడి గదిలో ఉంచి పరీక్షించినప్పుడు హద్దు ఇంకా కిందనే ఉన్నదని తేలింది. ఉక్కలో 30, 31 డిగ్రీల తడి ఉష్ణోగ్రతకే శరీరం అదుపు తప్పనారంభించింది. పొడి వేడిలో అయితే 25 నుంచి 28 మధ్యనే. ఎందుకంటే పొడి ఎండలో చెమట ఎంత ఆవిరైనా, శరీరం అంతకన్నా ఎక్కువ చెమటను ఊరించలేదు. కుండ ఎంత మంచిదైనా అందులో ఊరే నీటికి ఒక పరిమితి ఉంటుంది. ఇదంతా యువతీయువకుల సంగతి. వయసు పెరిగేకొద్దీ చెమట తగ్గుతుంది, దాహం తెలియదు, గుండెకు శ్రమ పెరుగుతుంది. మక్కా ఎండ పొడి ఎండ. మన అమ్మీలు, అబ్బాలు వెళ్లేది అక్కడికే.

సూడాన్‌లో పుట్టి అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఆచార్యుడైన ఎల్ఫాతిహ్ ఎల్తాహిర్, ఆయన సహచరుడు జెరెమీ పాల్ 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాయు ఉద్గారాలు ఇదే తీరుగా సాగితే ఈ శతాబ్ది చివరికి అబూధాబీ, దుబాయి, దోహా వంటి నగరాలు అప్పుడప్పుడూ ఆ 35 డిగ్రీల హద్దును దాటగలవని అందులో చెప్పారు. మక్కా తీరానికి ఎడంగా ఉన్నందున ఆ హద్దు దాకా పోదు. కాని వేసవిలో వచ్చే హజ్జ్ ఆరాధనలు ఆరుబయట ప్రమాదకరం కావచ్చునని వారు హెచ్చరించారు. ఆ హెచ్చరికనే తీసుకుని 2019లో సుచుల్ కాంగ్‌తో కలిసి వారు హజ్జ్‌నే ప్రత్యేకంగా అధ్యయనం చేశారు.

ఈ రెండవ అధ్యయనం చదువుతున్నప్పుడు మేము గోడమీది హిజ్రీ క్యాలెండరును దించి ముందు పెట్టుకున్నాం. చాంద్రమాన సంవత్సరం సూర్యమానం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది. కనుక హజ్జ్ ఏటేటా ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. 2024లో జూన్ మధ్య వచ్చినది 2025లో జూన్ మొదటివారానికి, 2026లో మే చివరికి జరుగుతుంది. 2030లో ఏప్రిల్. 2038 ప్రాంతంలో జనవరి. ఆ తరువాత డిసెంబరు, నవంబరు, అక్టోబరు. 2047 నుంచి 2052 వరకు సెప్టెంబరు, ఆగస్టుల్లోకి చేరుతుంది. ఎర్రసముద్రపు తేమ గాలిలో కలిసి తడి ఉష్ణోగ్రత అధికంగా ఉండే కాలం అదే. ఆ ఏళ్లనూ, ఆ తరువాత 2079 నుంచి 2086 వరకు గల ఏళ్లనూ వారు మరీ ప్రమాదకరమైనవిగా గుర్తించారు. ఉద్గారాలను తగ్గించినా ప్రమాదం తగ్గుతుందే గాని తొలగిపోదని కూడా అన్నారు.

అంటే మనకు దాదాపు ఇరవై ఏళ్ల వ్యవధి లభించినట్లు. ఈ వ్యవధిని చాంద్రమాన పంచాంగం ఇస్తున్నది. ఎవరి గొప్పా కాదు. ఏప్రిల్, మే నెలల మక్కా కూడా చల్లని ఊరేమీ కాదు. 40 దాటే రోజులు ఉంటాయి. అయినా 51తో పోల్చితే అది వేరు.

సౌదీ ప్రభుత్వమూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. హరమ్‌లో తవాఫ్ చేసే నేలకు గ్రీసు దేశపు థాసోస్ ద్వీపం నుంచి తెచ్చిన తెల్లని పాలరాయి పరిచారు. అది ఎండను తిప్పికొడుతుంది గనుక నడి మధ్యాహ్నం కూడా అరికాలు కాలదు. మదీనాలో మస్జిదె నబవీ ఆవరణలో 250 మహా ఛత్రాలు పగలు విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటాయి. అరఫాత్ దారులలో స్తంభాలపై నుంచి నీటి తుంపర కురుస్తుంది. నమిరా మస్జిద్ పరిసరాలలో తారు రోడ్లకు తెల్లని పూత పూశారు. ఎండదెబ్బ తగిలినవారి కోసం 1970 దశకం చివర ముస్తఫా ఖోగలీ, వైనర్ అనే ఇద్దరు కనిపెట్టిన మంచానికి మక్కా పేరే పెట్టారు: రోగిని వలమంచంపై పడుకోబెట్టి, సన్నని తుంపర చల్లుతూ గోరువెచ్చని గాలి వీస్తారు. మంచుగడ్డ చర్మాన్ని ముడుచుకుపోయేలా చేస్తే లోపలి వేడి బయటికి రాదన్నది వారి ఆలోచన. ఇదీ కుండ సూత్రమే. వైద్య గ్రంథాలకు ఎక్కిన ఈ మంచం ఎందరినో బ్రతికించింది. ఇవన్నీ మా కళ్లతో కొన్ని, పుస్తకాలలో కొన్ని చూశాం. ఇవి లేకుంటే ఆ 1,301 ఎంతకు పోయేదో ఊహించలేం. కాని తుంపర స్తంభం కింద నిలబడటానికి కార్డు అక్కర లేదు గాని, చల్లని గుడారంలో నడుము వాల్చటానికి కావాలి. ఎండదెబ్బ తినకుండా మనిషిని ఎక్కువగా కాపాడేది ఆ నడుము వాల్చటమే.

మినాలో మాకు నీళ్ల పెట్టెలు మోసి ఇచ్చిన యువకుడి సంగతి చెప్పకుండా ఉండలేం. మేము తెలుగులో మాట్లాడుకోవటం విని, "ఖాలా, మీరు ఏ ఊరోళ్లు? మాది జగిత్యాల దిక్కు" అన్నాడు. రియాద్‌లో కట్టడాల పని చేస్తాడు. హజ్జ్ రోజులలో సేవకు కుదిరాడు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఆరుబయట పని నిషేధం ఉన్నదని విన్నాం, నిజమేనా అని అడిగాం. "నిజమే ఖాలా, బంద్ ఉంటది. గని తెల్లారగట్ల నాలుగింటికే లేస్తం. రాత్రి రేకుల రూంల నిద్ర వట్టది. నిద్ర లేకుంటే పొద్దుగాల ఎండ గూడ మధ్యాన్నం ఎండ లెక్కనే కొడ్తది" అన్నాడు. తడి ఉష్ణోగ్రత గురించి మేము ఆ తరువాత చదివిన పేజీలలో, రాత్రి చల్లబడకపోతే శరీరం కోలుకోదన్న మాటను చాలా సాంకేతికంగా రాశారు. ఆ కుర్రవాడు రెండు ముక్కల్లో చెప్పాడు. వెళ్తూ వెళ్తూ అమ్మీతో, "నెత్తి మీద నీళ్లు పోసుకుంటుండున్రి, దూప కాకున్నా తాగున్రి" అన్నాడు. కరీంనగర్, నిజామాబాద్, కడప వైపుల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన ఇంకెందరో ఇలాంటి వేసవులను ఏటా గడుపుతున్నారు. వారికి పంచాంగం ఇచ్చే ఇరవై ఏళ్ల వ్యవధి లేదు. వారి వేసవి ఏటా అదే నెలల్లో వస్తుంది.

ఇంటివైపు చూసుకున్నా ఇదే. 2015 మే నెలలో వీచిన వడగాల్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా మరణించారు. అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. ఉపాధి పనులకు వెళ్లినవారు, తోపుడుబండ్లవారు, ఒంటరి వృద్ధులు. అప్పుడు మా వీధిలో పోయిన ఒక ముసలి తాత ఇంటిముందు ఒకప్పుడు వేపచెట్టు ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు.

ధర్మం ఈ విషయంలో మనల్ని ఇబ్బందిలో పెట్టలేదు. హజ్జ్ విధి కావటానికే శక్తి ఉండాలన్నది షరతు. ఆలి ఇమ్రాన్ సూరాలోనే ఆ మాట ఉన్నది. శక్తి అంటే డబ్బు మాత్రమే కాదని, ఆరోగ్యమూ దారి భద్రతా కూడానని ధర్మవేత్తలు వివరించారు. వేడి తీవ్రమైనప్పుడు జుహ్ర్‌ను చల్లబడేదాకా ఆలస్యం చేయమని దైవప్రవక్త (సఅసం) బోధించిన సంగతి హదీసు గ్రంథాలలో ప్రసిద్ధం. వీడ్కోలు హజ్జ్‌లో జమరాత్ వద్ద ఆయన (సఅసం)కు ఎండ తగలకుండా ఒక సహాబీ వస్త్రం ఎత్తిపట్టిన వైనం సహీహ్ ముస్లింలో ఉన్నది. బలహీనులను ముజ్దలిఫా నుంచి రాత్రే పంపివేయటానికి ఆయన అనుమతించారు. రాళ్లు రువ్వలేనివారి తరఫున మరొకరు రువ్వవచ్చు. 2024 వేసవిలో రెండు హరమ్‌లలోనూ జుమా ఖుత్బాను కుదించారు. ఇన్ని సడలింపులు ఉండగా, 'కష్టపడితేనే పుణ్యం' అని గొడుగు విప్పనివారినీ, మందుల సంచి హోటల్లో వదిలి వచ్చినవారినీ మా బృందంలోనే చూశాం. మేము కూడా మొదటి రెండు రోజులు అలాగే ఉన్నామని ఒప్పుకుంటున్నాం.

మన ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉన్నది. కూతుళ్ల పెళ్లిళ్లు కావాలి, ఇల్లు పూర్తి కావాలి, ఉద్యోగం ముగియాలి, అప్పుడు హజ్జ్. అంతలో మోకాళ్లు పోతాయి, చక్కెర వస్తుంది, గుండెకు స్టెంటు పడుతుంది. శరీరం ఎండను అన్నిటికన్నా తక్కువగా భరించే వయసును ఏరికోరి ఎంచుకుంటున్నాం. అబ్బా అలాగే ఆలస్యం చేసి, వెళ్లకుండానే పోయారు. ఆయన బదులు అమ్మీ వెంట మేము వెళ్లాం. ఆమె ఆరోగ్యంగా తిరిగిరావటం అల్లాహ్ దయ. ఆ దయలో మెడలోని కార్డుకు కూడా పాత్ర ఉన్నదని మాకు తెలుసు.

కిందటి రంజాన్ తరువాత మా తమ్ముడూ మరదలూ ఇంటికి వచ్చారు. వారికి నలభై ఐదు దాటలేదు. పెద్దమ్మాయి పెళ్లి అయ్యాక దరఖాస్తు పెడదామని వారి ఆలోచన. క్యాలెండరు కాగితం ముందుపెట్టి ఏప్రిల్, మార్చి, ఫిబ్రవరి అంటూ చూపించాం. ఎవరెవరో పంపే 'కార్డు లేకుండానే చేయిస్తాం' అన్న సందేశాల జోలికి పోవద్దని మరీ మరీ చెప్పాం. మరదలు కొంతసేపు కాగితం వంక చూసి, "పెళ్లి డబ్బు మళ్లీ కూడబెట్టవచ్చు" అన్నది. తమ్ముడు ఏమీ అనలేదు. ఇంకా నిర్ణయం కాలేదు.

అమ్మీ లోపలికి వెళ్లి తన ఇనుప పెట్టె తెరిచింది. అరఫాత్ వేపాకు ఎండి పొడి అయిపోయింది. దాన్ని చూపించి మళ్లీ పొట్లం కట్టింది. తరువాత తెల్ల గొడుగు తీసింది. ఒక ఊచ వంగి ఉన్నది. మరదలి చేతిలో పెట్టి, "దీన్ని బాగుచేయించుకో. వెళ్లేటప్పుడు ఇలాంటిది ఇంకోటి కొనుక్కో" అన్నది.

"ఇద్దరికీ ఒకటి సరిపోదా అమ్మీ?" అన్నాడు తమ్ముడు.

"మీకు సరిపోతుంది బేటా. అది గేటు దగ్గర ఇవ్వడానికి."